పురుగుల ఒంట్లో కొవ్వు ఎలా ప్రయాణిస్తుంది, ఎలా శక్తిగా మారుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలు, లాం చుట్టుపక్కల మిరప, పత్తి వేసే రైతులు ఏటా దాదాపు ఇవే సందేహాలతో వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. తిండి కొవ్వుగా మారే దశ నుంచి పొలం దాకా వరుసగా పెట్టాను. ఎవరికి ఏది కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. పాఠాల్లో ఈ విషయానికి దక్కే చోటు చాలా తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఎగిరే ప్రతి మిడత వెనకా ఉన్న కథ ఇదే.

## తిండి కొవ్వుగా మారి నిల్వ చేరే దశ

బొద్దింకను కోసినప్పుడు కనిపించే తెల్లటి గుజ్జు కొవ్వేనా?

అవును. దాన్ని కొవ్వు దేహం అంటారు. పొట్టలో పేగు చుట్టూ, చర్మం కిందా వదులు వదులుగా పరుచుకుని ఉంటుంది. ప్రాక్టికల్స్‌లో నాడీదండం కనిపించాలన్న తొందరలో చాలామంది దీన్ని ఫోర్సెప్స్‌తో తీసి పక్కన పారేస్తారు. దయచేసి ఒక్క నిమిషం ఆగి చూడండి. ఇందులో నాలుగు రకాల కణాలుంటాయి. ట్రోఫోసైట్లు కొవ్వునీ, గ్లైకోజన్ అనే నిల్వ పిండిపదార్థాన్నీ, ప్రొటీన్‌నీ దాచి ఉంచుతాయి. మైసిటోసైట్లలో బొద్దింకకు మేలు చేసే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. యూరేట్ కణాలు యూరిక్ ఆమ్లాన్ని దాస్తాయి. ఈనోసైట్లు ఒంటిపై మైనపు పూతకు కావాల్సిన హైడ్రోకార్బన్లు తయారు చేస్తాయి. నిల్వ ఉన్న కొవ్వులో తొంభై శాతానికి పైగా ట్రైగ్లిజరైడ్ (గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతికిన అణువు) రూపంలోనే, కణం లోపల చిన్న చిన్న నూనె బిందువులుగా ఉంటుంది.

కొవ్వు దేహం అంటే మనకు పొట్ట దగ్గర పేరుకునే కొవ్వు లాంటిదేనా?

సగం మాత్రమే నిజం. మన ఒంట్లో కొవ్వు కణజాలం, కాలేయం రెండూ విడివిడిగా చేసే పనులను పురుగులో ఈ ఒక్క అవయవమే చేస్తుంది. కొవ్వు దాస్తుంది, చక్కెరను కొవ్వుగా మారుస్తుంది, రక్తంలో తిరిగే ప్రొటీన్లు తయారు చేస్తుంది, విషాలను విరగ్గొడుతుంది. పేరులో కొవ్వు ఉంది కదా అని కేవలం గోడౌన్ అనుకుంటే పురుగు శరీరం సగం అర్థం కానట్టే.

ఆకులు మాత్రమే తినే పురుగుకు అంత కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆకులో కొవ్వు తక్కువ, పిండిపదార్థం, చక్కెరలు ఎక్కువ. వాటిని అరిగించుకున్న పురుగు మిగులు చక్కెరను కొవ్వు దేహంలో కొవ్వు ఆమ్లాలుగా మార్చుకుంటుంది. పొగాకు నారుమళ్లను నమిలేసే లద్దె పురుగు రాత్రంతా అంతలా తినడానికి కారణం ఇదే. ప్యూపా దశలో నోట్లోకి ఏమీ పోదు. రెక్కల పురుగుగా బయటికి వచ్చాక అందే తేనె కూడా అరకొరే. లద్దె దశలో దాచిందే ఆ తర్వాతి పనులకు పెట్టుబడి.

మనకు కొవ్వు అరగాలంటే పిత్తరసం కావాలి. పురుగుకు కాలేయం లేదు కదా, ఎలా అరుగుతుంది?

మధ్యపేగులో లైపేజ్ ఎంజైములు ట్రైగ్లిజరైడ్‌ను కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిజరైడ్‌లుగా విడగొడతాయి. పిత్తరసం ఉండదు. కొన్ని గొంగళి పురుగుల పొట్టలో కొవ్వు ఆమ్లానికి అమైనో ఆమ్లం అతికిన పదార్థాలు ఉంటాయి, నూనెను నీళ్లలో చిన్న బిందువులుగా చెదరగొట్టే పని అవే చేస్తాయి. పేగు కణంలోకి చేరిన ముక్కలు మళ్లీ కలిసి ఎక్కువగా డైగ్లిజరైడ్ (గ్లిజరాల్‌కు రెండు కొవ్వు ఆమ్లాలే అతికిన అణువు) రూపంలో రక్తంలోకి వస్తాయి.

పురుగులకు కూడా కొలెస్ట్రాల్ ఉంటుందా?

ఉంటుంది, కానీ సొంతంగా తయారు చేసుకోలేవు. తిండి నుంచి రావాల్సిందే. మొక్కల్లో దొరికే సిటోస్టెరాల్ లాంటి స్టెరాల్‌లను (కొలెస్ట్రాల్ కుటుంబపు పదార్థాలను) చాలా ఆకు తినే పురుగులు కొలెస్ట్రాల్‌గా మార్చుకుంటాయి. కుబుసం విడవడానికి అవసరమైన ఎక్డైసోన్ హార్మోన్ తయారయ్యేది స్టెరాల్ నుంచే. తిండిలో స్టెరాల్ లేకపోతే పురుగు ఎదగదు.

## రక్తంలోకి ఎక్కే దశ

నూనె నీళ్లలో కలవదు కదా, పురుగు రక్తంలో కొవ్వు ఎలా పోతుంది?

లైపోఫోరిన్ అనే వాహకం మీద ఎక్కి పోతుంది. పురుగు రక్తాన్ని హీమోలింఫ్ అంటారు. అది నాళాల్లో కాకుండా ఒంటి ఖాళీల్లోనే పారుతూ అవయవాలను తడుపుతుంది. లైపోఫోరిన్ అంటే ప్రొటీన్, కొవ్వు కలిసిన అతి చిన్న గోళం. బయట ప్రొటీన్లు, ఫాస్ఫోలిపిడ్లు నీళ్లవైపు తిరిగి ఉంటాయి, నూనె స్వభావం ఉన్న సరుకు లోపల దాక్కుంటుంది. ఇందులో ఎప్పుడూ రెండు ప్రొటీన్లు ఉంటాయి. పెద్దదైన అపోలైపోఫోరిన్-1 బరువు సుమారు 250 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత), అపోలైపోఫోరిన్-2 బరువు సుమారు 80 కిలోడాల్టన్లు. ఈ రెండూ ఒకే జన్యువు నుంచి ఒకే పొడవాటి గొలుసుగా పుట్టి, తర్వాత రెండుగా తెగుతాయి. లైపోఫోరిన్ అనే పేరును 1981లో జపాన్ శాస్త్రవేత్త హరువో చీనో బృందం పెట్టింది.

కొవ్వు ట్రైగ్లిజరైడ్‌గా నిల్వ ఉంటే, రక్తంలో డైగ్లిజరైడ్‌గా ఎందుకు పోతుంది?

ఈ పద్ధతి పురుగుల ప్రత్యేకత. ఈ సంగతిని 1964లో చీనో, గిల్బర్ట్ చూపించారు. డైగ్లిజరైడ్‌కు ట్రైగ్లిజరైడ్ కంటే నీటితో కాస్త పొత్తు కుదురుతుంది. అందుకే అది వాహకం లోపలే ఇరుక్కుపోకుండా ఉపరితలం దగ్గరికి తేలిగ్గా వస్తుంది, కండరం దగ్గరున్న ఎంజైముకు చప్పున అందుతుంది. పెద్ద ఒడిదుడుకులు లేకుండా ఎక్కడమూ దిగడమూ జరగాలంటే ఈ రూపమే అనుకూలం. మన రక్తంలో ఆహారం నుంచి, కాలేయం నుంచి వచ్చే కొవ్వు ట్రైగ్లిజరైడ్‌గానూ, కొవ్వు కణజాలం వదిలేది విడి కొవ్వు ఆమ్లాలుగా అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని పోతుంది.

మన రక్తంలో కొవ్వు మోసే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్‌కూ లైపోఫోరిన్‌కూ అసలు తేడా ఏమిటి?

నన్ను అడిగితే మొత్తం విషయంలో గుండెకాయ లాంటి ప్రశ్న ఇదే. మన ఎల్‌డీఎల్, కణం దగ్గరికి వెళ్లాక వాహకంతో సహా లోపలికి లాగేయబడుతుంది. లోపల దాని ప్రొటీన్ ముక్కలు ముక్కలవుతుంది. ఇంకో ఎల్‌డీఎల్ కావాలంటే ఇంకో ప్రొటీన్ గొలుసు కొత్తగా తయారు కావాలి. లైపోఫోరిన్ అలా కాదు. గుంటూరు మిర్చి యార్డులో సరుకు దించేసిన లారీ అక్కడే నిలబడిపోకుండా మరో లోడుకు వెనక్కి వెళ్లినట్టు, ఇది కండరం గడప దగ్గర డైగ్లిజరైడ్ అప్పగించి చెక్కుచెదరకుండా కొవ్వు దేహానికి తిరిగి వెళుతుంది. గంటల తరబడి ఎగిరే మిడతకు ఈ పొదుపు చాలా విలువైనది. ప్రతి విడతకూ కొత్త ప్రొటీన్ కట్టాల్సి వస్తే ఆ ఖర్చే మోయలేనంత అయ్యేది. అయితే ఎదుగుతున్న గుడ్లలో, ఇంకొన్ని దశల్లో లైపోఫోరిన్‌ను లోపలికి తీసుకునే గ్రాహకాలు కూడా ఉన్నాయి. ఆ గ్రాహకాలు మన ఎల్‌డీఎల్ గ్రాహకం కుటుంబానికి చెందినవే.

లైపోఫోరిన్ కొవ్వును తప్ప ఇంకేమీ మోయదా?

మోస్తుంది. ఒంటిపై నీరు ఆవిరవకుండా కాపాడే హైడ్రోకార్బన్లను చర్మానికి చేరుస్తుంది, స్టెరాల్‌ను, కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను మోస్తుంది. కొన్ని జాతుల పట్టుగూళ్లు పసుపురంగులో ఉండటానికి కారణం మల్బరీ ఆకులోని కెరోటినాయిడ్లే. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి పట్టుగ్రంథిలోకి ఆ రంగు చేరడంలో లైపోఫోరిన్‌ది పెద్ద పాత్ర.

## ఎగిరేటప్పుడు

పురుగు రెక్క ఆడించగానే కొవ్వు కరగడం మొదలవుతుందా?

పురుగును బట్టి ఉంటుంది. మిడత మొదట రక్తంలో ఉన్న ట్రెహలోజ్ అనే చక్కెరను వాడుతుంది. అరగంట దాటేసరికి ఆ చక్కెర తగ్గి, రక్తంలో డైగ్లిజరైడ్ పెరిగి, కొవ్వే ప్రధాన ఇంధనమవుతుంది. నోరు పనిచేయని రెక్కల పురుగులు, ఉదాహరణకు దసలి పట్టు పురుగు, మొదటి నుంచీ కొవ్వు మీదే బతుకుతాయి. లద్దె దశలో తిన్నదే వాటి జీవితానికంతా ఆధారం.

తేనెటీగ ఎందుకు కొవ్వు వాడదు?

దాని చుట్టూ తేనె ఉంది కాబట్టి. పని తేనెటీగ ఎగిరేటప్పుడు దాదాపు చక్కెర మాత్రమే కాలుస్తుంది. ఎక్కడికి వెళ్లినా పూల దగ్గర మళ్లీ నింపుకోవచ్చు. ఇంటి ఈగదీ ప్రధానంగా చక్కెర దారే.

ఏకేహెచ్ అంటే ఏమిటి? ఎక్కడ తయారవుతుంది?

పూర్తి పేరు అడిపోకైనెటిక్ హార్మోన్. మెదడు వెనకే ఉండే కార్పొరా కార్డియాకా అనే చిన్న గ్రంథులు దీన్ని వదులుతాయి. మిడత ఎగరడం మొదలుపెట్టాక ఇది రక్తంలోకి వచ్చి కొవ్వు దేహాన్ని తట్టి లేపుతుంది. 1969లో ఇంగ్లండ్‌కు చెందిన మేయర్, క్యాండీ, అదే కాలంలో నెదర్లాండ్స్‌కు చెందిన బీనాకర్స్ దీని ఉనికిని చూపించారు. నిర్మాణం 1976లో తేలింది. మిడతలోని ప్రధాన ఏకేహెచ్‌లో పది అమైనో ఆమ్లాలే ఉంటాయి. ఇంత చిన్న అణువు అంత పెద్ద దూరాల ప్రయాణాన్ని నడిపించడం ఎన్నిసార్లు చెప్పినా నాకు ఆశ్చర్యమే.

ఏకేహెచ్ వచ్చి తాకాక కొవ్వు కణం లోపల ఏం జరుగుతుంది?

హార్మోన్ కణం పొరపై ఉన్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది. లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ, కాల్షియం పెరుగుతాయి. ప్రొటీన్ కైనేజ్ ఎ అనే ఎంజైము చురుగ్గా మారి, నూనె బిందువుపై కాపలా ఉన్న పెరిలిపిన్ ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అతికిస్తుంది. అంతవరకూ దగ్గరకు రానివ్వని బిందువు ఉపరితలం లైపేజ్‌కు అందుబాటులోకి వస్తుంది. ట్రైగ్లిజరైడ్ విడిపోతుంది, డైగ్లిజరైడ్ తయారై బయటున్న లైపోఫోరిన్ మీదకు ఎక్కుతుంది. ఈ ఎక్కడంలో లిపిడ్ ట్రాన్స్‌ఫర్ పార్టికల్ అనే మరో పెద్ద ప్రొటీన్ సాయం చేస్తుంది.

లైపోఫోరిన్‌కు అపోలైపోఫోరిన్-3 అనే మూడో ప్రొటీన్ ఎందుకు? అపోలైపోఫోరిన్-1, 2 సరిపోవా?

విశ్రాంతిగా ఉన్నప్పుడు సరిపోతాయి. ఎగిరేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ డైగ్లిజరైడ్ ఎక్కితే గోళం ఉబ్బి, నూనె స్వభావమున్న భాగం నీళ్లకు బయటపడుతుంది. అప్పుడు గోళాలు ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. ఆ ఖాళీని కప్పడానికి రక్తంలో విడిగా తిరుగుతున్న అపోలైపోఫోరిన్-3 వచ్చి అతుకుతుంది. ఇది చిన్న ప్రొటీన్, సుమారు 18 కిలోడాల్టన్లు. మిడతలో దీని ఆకారం 1991లో ఎక్స్‌రే పద్ధతిలో తేలింది. ఐదు హెలిక్సులు (స్ప్రింగులా మెలి తిరిగిన భాగాలు) కట్టగా ముడుచుకుని ఉంటాయి. కొవ్వు ఉపరితలం తగలగానే కట్ట విప్పుకుని, నూనెను ఇష్టపడే వైపు లోపలికి, నీళ్లను ఇష్టపడే వైపు బయటికి పెట్టి పరుచుకుంటుంది. ఒక్కో లైపోఫోరిన్ మీద ఇవి చాలా ఎక్కుతాయి. అప్పుడు గోళం పెద్దదై సాంద్రత తగ్గుతుంది. కండరం దగ్గర సరుకు దిగాక ఇవి విడిపోయి మళ్లీ వాడుకకు సిద్ధమవుతాయి.

మరో సంగతి కూడా తెలుసుకోవాలి. ఇదే ప్రొటీన్ బ్యాక్టీరియాను గుర్తించే రోగనిరోధక పనిలోనూ పాల్గొంటుంది. కీచురాళ్లపై చేసిన ప్రయోగాల్లో, బాగా ఎగిరిన తర్వాత కొంతసేపు వాటి రోగనిరోధక శక్తి తగ్గినట్టు కనిపించింది. కొవ్వు మోతకు వెళ్లిన ప్రొటీన్ కాపలాకు అందుబాటులో లేకపోవడమే అందుకు వివరణగా చెబుతారు.

కండరంలోకి వెళ్లాక కొవ్వు ఎలా శక్తి అవుతుంది?

కండరం పొర దగ్గరున్న లైపేజ్ డైగ్లిజరైడ్ నుంచి కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది. అవి కణం లోపల ఫ్యాటీ యాసిడ్ బైండింగ్ ప్రొటీన్ సాయంతో, శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియా దాకా పోతాయి. మిడత ఎగిరే కండరంలో ఈ ప్రొటీన్ చాలా ఎక్కువ. రెక్కలు పూర్తిగా రాని పిల్ల మిడత కండరంలో అది దాదాపు కనిపించదు, ఆఖరి కుబుసం విడిచాకే పెరుగుతుంది. మైటోకాండ్రియాలో కార్నిటైన్ దారిన లోపలికి చేరిన కొవ్వు ఆమ్లం బీటా ఆక్సీకరణలో రెండేసి కార్బన్లుగా తెగుతుంది. పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం ఏడు విడతల్లో ఎనిమిది ఎసిటైల్ కోఎంజైమ్ ఎ అణువులవుతుంది. అవి క్రెబ్స్ వలయంలో పూర్తిగా కాలితే నికరంగా సుమారు 106 ఏటీపీలు (కణం శక్తిగా ఖర్చు పెట్టుకునే అణువులు) వస్తాయి. గ్లూకోజ్‌కు వచ్చేది 30 నుంచి 32.

ఇంత కొవ్వు కాల్చడానికి ఆక్సిజన్ రక్తమే తెస్తుందా?

తేదు. పురుగుల్లో గాలి ట్రాకియా గొట్టాల ద్వారా నేరుగా కండరం దాకా వెళుతుంది. రక్తం ఇంధనం తెస్తుంది, గాలిగొట్టం ఆక్సిజన్ తెస్తుంది. ఎగిరేటప్పుడు ఖర్చు విశ్రాంతి కంటే యాభై నుంచి వంద రెట్లు పెరిగినా పురుగు కండరం ఆక్సిజన్‌తోనే పనిచేయగలగడానికి ఇదే కారణం.

చక్కెర ఉండగా కొవ్వునే ఎందుకు మోయాలి?

బరువు వల్ల. గ్రాము కొవ్వు సుమారు 9 కిలోకాలరీలు ఇస్తే, గ్రాము పిండిపదార్థం 4 ఇస్తుంది. పైగా గ్లైకోజన్ నిల్వ ఉండాలంటే తన బరువుకు మించిన నీళ్లు పట్టుకుని ఉండాలి, కొవ్వుకు ఆ బాధ లేదు. ఎగిరే జీవికి ప్రతి మిల్లీగ్రామూ లెక్కే. ఇంకో లాభం నీరు. గ్రాము కొవ్వు కాలితే గ్రాముకు కాస్త ఎక్కువే నీరు పుడుతుంది, ఎండలో ఎగిరే పురుగుకు అదీ అక్కరకొస్తుంది. 2020లో రాజస్థాన్ నుంచి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర దాకా వచ్చిన ఎడారి మిడతల దండు మన దాకా వస్తుందేమోనని ఇక్కడి రైతులు టెన్షన్ పడ్డారు. గాలి అనుకూలిస్తే రోజుకు 150 కిలోమీటర్ల దాకా పోగల ఆ దండు దూరప్రయాణానికి ఆధారం కొవ్వే.

కొవ్వు, చక్కెర కాకుండా మూడో ఇంధనం ఉందా?

ఉంది, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం. ఆఫ్రికాలోని ట్సెట్సీ ఈగ, కొన్ని పెంకు పురుగులు దీనితో ఎగురుతాయి. కండరంలో ప్రోలిన్ కొంతమేర కాలి అలనిన్‌గా మారుతుంది. అలనిన్ కొవ్వు దేహానికి తిరిగి వచ్చి, అక్కడి కొవ్వు నుంచి వచ్చిన రెండు కార్బన్లను కలుపుకుని మళ్లీ ప్రోలిన్ అవుతుంది. లోతుగా చూస్తే ఇక్కడా కాలుతున్నది కొవ్వే, నీళ్లలో కరిగే వేషం వేసుకుని ప్రయాణిస్తుంది.

## గుడ్లు, జతకట్టడం, నిద్రావస్థ

తొలకరి వాన పడగానే లైట్ల చుట్టూ మూగే ఉసిళ్లలో అంత కొవ్వు ఎందుకు?

ఎందుకంటే వాటికి ఇక చాలాకాలం తిండి దొరకదు. ఉసిళ్లు అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. పుట్టలోని పని చెదలు వాటిని బాగా మేపి పంపుతాయి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చి, జంటగా మట్టిలోకి దూరతాయి. మొదటి పిల్లలు పనికి అందివచ్చే దాకా ఆ జంటకు కొవ్వు దేహమే ఆధారం. ఇక అవసరం లేని ఎగిరే కండరాలను కూడా కరిగించి వాడుకుంటాయి. మన పల్లెల్లో ఉసిళ్లను వేయించుకుని తింటారు కదా, ఆ కమ్మదనం ఈ నిల్వదే.

గుడ్డులోకి కొవ్వు ఎవరు చేరుస్తారు?

ఎక్కువ భాగం లైపోఫోరిన్, కొంత విటెల్లోజెనిన్ అనే గుడ్డు సొన ప్రొటీన్. పురుగు గుడ్డు పొడి బరువులో మూడో వంతు దాకా కొవ్వే ఉంటుంది. పిండం ఎదగడానికి కావాల్సిన శక్తిలో పెద్ద వాటా అదే. అండం తనంతట తాను కొవ్వు తయారు చేసుకునేది చాలా తక్కువ.

దోమలో కొవ్వుకూ మలేరియాకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. రక్తం తాగిన దోమ గుడ్ల కోసం తన ఒంటి రక్తంలోకి కొవ్వును వదులుతుంది. పొట్ట గోడపై పెరుగుతున్న మలేరియా పరాన్నజీవి, లైపోఫోరిన్ మోసుకొస్తున్న ఆ కొవ్వులో వాటా తీసుకుంటుంది. ప్రయోగశాలలో లైపోఫోరిన్‌ను తగ్గిస్తే దోమకు గుడ్లూ తగ్గుతాయి, పరాన్నజీవి ఎదుగుదలా దెబ్బతింటుంది.

పత్తిలో గులాబీ రంగు పురుగు గింజలోనే నెలల తరబడి తిండి లేకుండా ఎలా ఉంటుంది?

ఆఖరి తరం పురుగుల్లో కొన్ని నిద్రావస్థలోకి వెళతాయి. పగలు పొట్టి కావడం ఒక సంకేతం. ముదిరిన, నూనె ఎక్కువున్న గింజ తినడం ఆ మార్పుకు తోడ్పడుతుంది. ముందే కొవ్వు దేహాన్ని నింపుకుని, ఒంటి ఖర్చు బాగా తగ్గించుకుని, రెండు గింజలను దారంతో కలిపి కుట్టి మధ్యలో పడుకుంటుంది. అందుకే ఆఖరి తీతలు అయ్యాక పంటను పొడిగించకుండా మోళ్లు తీసేయమని చెప్పేది. చేనులో మిగిలిన గుడ్డికాయలోని పురుగు వచ్చే ఏడాదికి సరిపడా సరుకు మోసుకుని ఉంటుంది.

## పొలంలో ఎదురయ్యే ప్రశ్నలు

కొవ్వు తయారీని అడ్డుకునే మందులు ఉన్నాయా?

ఉన్నాయి. మిరపలో కింది ముడత తెచ్చే నల్లిపై వాడే స్పైరోమెసిఫెన్ అలాంటిదే. కొవ్వు ఆమ్లాల తయారీలో మొదటి మెట్టైన ఎసిటైల్ కోఎంజైమ్ ఎ కార్బాక్సిలేజ్‌ను ఇది ఆపుతుంది. నల్లి కీటకం కాదు, సాలీడు బంధువు, కానీ ఈ ఎంజైము దానికీ కావాలి. తెల్లదోమ మీదా ఇదే దారిలో పనిచేస్తుంది. కొట్టిన మర్నాడే రాలిపోవడం కనిపించదు, ఎందుకంటే ఇది నరాలను తాకే మందు కాదు. పిల్ల దశలు ఎదగలేక పోతాయి, ఆడవాటికి గుడ్లు తగ్గుతాయి. ఫలితం రాలేదని రెండో రోజే ఇంకో మందు కలిపి కొట్టడం డబ్బు దండగ. మోతాదు డబ్బాపై రాసిన దాన్ని మించవద్దు.

చిన్న లద్దె పురుగు చచ్చిపోయే మందుకు పెద్దది ఎందుకు చావదు?

ఒళ్లు పెద్దది కావడం ఒక కారణం. రెండోది కొవ్వు దేహం. నూనెలో కరిగే మందు కొంత అక్కడ చిక్కుకుని నరాల దాకా వెంటనే చేరదు. అదే అవయవంలోని సైటోక్రోమ్ పీ450 ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. ఎదిగిన లద్దెలో ఈ రెండూ ఎక్కువ. అందుకే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడటం పెరగగానే చేను చూసుకోవాలి. గుడ్ల సముదాయాలు, జల్లెడలా మారిన ఆకులు కనిపించినప్పుడే చర్య తీసుకుంటే తక్కువ మందుతో పని అవుతుంది.

ఏకేహెచ్‌నే పురుగుమందుగా చేయవచ్చు కదా?

ఆ ఆలోచనతో పరిశోధనలు జరుగుతున్నాయి. హార్మోన్‌ను పోలిన అణువుతో పురుగు తన నిల్వను వేళ కాని వేళ కరిగించుకునేలా చేయాలన్నది ఉద్దేశం. ఇబ్బంది ఏమిటంటే ఇది పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. పొట్టలోకి వెళితే అరిగిపోతుంది, చర్మం గుండా లోపలికి దిగదు. అరగకుండా నిలిచే రూపాల కోసం వెతుకుతున్నారు. తేనెటీగలకూ మిత్ర పురుగులకూ హాని లేకుండా ఒక్క జాతినే తాకేలా చేయడం మరో కష్టం, ఎందుకంటే ఈ కుటుంబపు హార్మోన్లు పురుగులన్నింటిలో దగ్గరి పోలికతో ఉంటాయి.